శత్రువు లేని ఆకాశంలో: యుద్ధకాలపు శిక్షణ విమానాలు కొండల్ని ఎందుకు గుద్దుకున్నాయి

2005 అక్టోబరులో కాలిఫోర్నియాలోని సియెరా నెవడా పర్వతాల్లో మంచుగోడలు ఎక్కడానికి వెళ్ళిన ఇద్దరికి మెండెల్ గ్లేసియర్‌లో గడ్డకట్టిపోయిన ఒక మనిషి కనిపించాడు. ఒంటిమీద పాతకాలపు సైనిక దుస్తులు, దగ్గర విప్పని పారాచూట్. అతను అక్కడ 63 ఏళ్ళుగా ఉన్నాడు. 1942 నవంబరు 18న శాక్రమెంటో దగ్గరున్న మేథర్ ఫీల్డ్ నుంచి ఒక ఏటీ-7 విమానం నావిగేషన్ పాఠం కోసం బయల్దేరింది. అందులో ఒక పైలట్, ముగ్గురు కేడెట్లు. వెళ్ళాల్సింది ఉత్తరానికి, చదునైన లోయ మీదుగా. కానీ 1947లో కొండలెక్కేవాళ్ళకి శిథిలాలు దొరికింది మాత్రం ఆగ్నేయంగా, 150 మైళ్ళకు పైగా దూరంలో, 13 వేల అడుగులు దాటిన ఒక శిఖరం కింద. 2005లో దొరికిన కుర్రాడెవరో మరుసటి ఏడాది తేల్చారు. 2007లో ఆ దగ్గర్లోనే ఇంకొకరు దొరికారు.

అది యుద్ధకాలమే, కాకపోతే ఆ ఆకాశంలో శత్రువు అనేవాడు లేడు. కాల్చినవాళ్ళు లేరు, బాంబులు లేవు. మరి దారి తెలుసుకోవడం నేర్చుకోవడానికి వెళ్ళిన విమానం అంత దారుణంగా దారెలా తప్పింది? ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఇంటర్నెట్‌లో 'నెవడా ట్రయాంగిల్' అంటూ వీడియోలు తిరుగుతాయి, దిక్సూచిని పిచ్చెక్కించే అయస్కాంత కొండలని, ఇంకా ఏవేవో. అసలు సంగతి అంతకంటే మామూలుది, నన్నడిగితే అంతకంటే భయపెట్టేది. లెక్కలో జరిగే చిన్న చిన్న తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే ఏమవుతుందనేదే ఆ కథంతా.

ఏది శిక్షణ ప్రమాదం, ఏది కాదు

యుద్ధకాలంలో కొండల్లో కూలిన విమానాలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు మోసిన 'హంప్' దారిలో వందల విమానాలు పోయాయి, కానీ అవి రవాణా విమానాలు, యుద్ధపు పని మీద ఉన్నవి. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో 'బాంబర్ మౌంటెన్' అని ఒక కొండ ఉంది. 1943 జూన్‌లో ఒక బీ-17 బాంబర్ విమానం దాన్ని గుద్దుకుంది, పదిమంది పోయారు, 1945 ఆగస్టు దాకా ఎవరికీ కనిపించలేదు. అది ఒక స్థావరం నుంచి ఇంకో స్థావరానికి వెళ్తున్న విమానం, అంటే అటూ ఇటూ కాని రకం. శిక్షణ ప్రమాదం అని ఖచ్చితంగా చెప్పదగ్గవి మూడు రకాలు: విమానం నడపడం నేర్చుకుంటుండగా జరిగినవి, నడపడం వచ్చినవాళ్ళు నావిగేషన్, రాత్రి ప్రయాణం, బాంబింగ్ లాంటివి సాధన చేస్తుండగా జరిగినవి, ఒక సిబ్బంది మొత్తం కలిసి పనిచేయడం అలవాటు చేసుకుంటుండగా జరిగినవి. కొండల్లో పోయినవాటిలో ఎక్కువ భాగం రెండో రకం, మూడో రకం. ఎందుకంటే మొదటి రకంలో ఎయిర్‌ఫీల్డ్ చుట్టుపక్కలే తిరుగుతారు, దూరాలు వెళ్ళేది ఆ తర్వాతే.

మొత్తం నష్టం ఎంతో చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1941 డిసెంబరు నుంచి 1945 ఆగస్టు వరకు అమెరికా సైనిక వైమానిక దళానికి సొంత దేశంలోనే 52 వేలకు పైగా ప్రమాదాలు జరిగాయి, దాదాపు 15 వేల మంది చనిపోయారు. బ్రిటన్‌లో బాంబర్ విమానాలు నడిపిన వైమానిక దళ విభాగం బాంబర్ కమాండ్ మృతులు 55,573 మంది అయితే అందులో 8 వేలకు పైగా శిక్షణలోనూ ఇతర ప్రమాదాల్లోనూ పోయినవాళ్ళు. అంటే సుమారుగా ఏడుగురిలో ఒకరు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి, ఈ సంఖ్యల్లో కొండల వాటా చిన్నదే. ఎక్కువ ప్రమాదాలు రన్‌వే దగ్గర, టేకాఫ్‌లోనో ల్యాండింగ్‌లోనో జరిగేవి, వాటిలో చాలామంది దెబ్బలతో బయటపడేవాళ్ళు కూడా. కొండను గుద్దుకుంటే బతికి బయటపడటం అరుదు. అందుకే వాటి గురించి విడిగా మాట్లాడుకోవాల్సి వస్తోంది.

సరిగ్గా కొండల పక్కనే స్కూళ్ళు ఎందుకు పెట్టారు

తెలివి లేక పెట్టలేదు. బ్రిటన్ మ్యాప్ చూస్తే విషయం తేలిపోతుంది. తూర్పు, ఆగ్నేయ భాగాలు చదునుగా ఉంటాయి, జర్మనీకి దగ్గర. ఆ నేలంతా యుద్ధానికి వెళ్ళే స్క్వాడ్రన్లకు కావాలి. పైగా అక్కడ శత్రు విమానాలు తిరుగుతుంటాయి, నేర్చుకునే కుర్రాళ్ళని ఆ ఆకాశంలోకి వదల్లేరు. దాంతో శిక్షణ పడమటికీ ఉత్తరానికీ జరిగింది: వేల్స్, స్కాట్లాండ్, ఐల్ ఆఫ్ మాన్. అక్కడ శత్రువు తక్కువ, మబ్బులూ కొండలూ ఎక్కువ. వేల్స్‌లో స్నోడన్ 3,560 అడుగులు, ఐల్ ఆఫ్ మాన్‌లో స్నేఫెల్ 2,036 అడుగులు. పర్వతాలుగా చూస్తే ఇవి పెద్ద ఎత్తేమీ కాదు, సముద్రం అంచు నుంచి ఒక్కసారిగా లేవడమే వీటితో చిక్కు. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమగాలి వీటిని తాకి పైకెక్కి మబ్బుగా మారుతుంది. అంటే మబ్బును కొండే తయారుచేసుకుని అందులోనే దాక్కుంటుంది. పైలట్లు దీన్నే 'రాళ్ళు కూరిన మబ్బు' అనే అర్థంలో జోకు చేసుకునేవాళ్ళు. పెద్దగా నవ్వొచ్చే జోకేమీ కాదు.

కాలిఫోర్నియాలో లెక్క వేరు. సెంట్రల్ వ్యాలీలో ఎండ బాగుంటుంది, నేల చదును, శిక్షణకు అంతకంటే మంచి చోటు దొరకదు. కానీ లోయకు తూర్పున 14 వేల అడుగులు దాటే గోడలాంటి పర్వతశ్రేణి ఉంది, చలికాలంలో తుపానులు దాని మీదే విరుచుకుపడతాయి.

ఇంకో సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. కామన్వెల్త్ దేశాల వైమానిక శిక్షణ పథకం కింద ఒక్క కెనడాలోనే 1,31,553 మందిని తయారుచేశారు. వాళ్ళలో చాలామంది నేర్చుకున్నది కనుచూపు మేర చదునుగా ఉండే ప్రెయిరీల్లో. అక్కడ ఊళ్ళ దీపాలు రాత్రంతా వెలుగుతుంటాయి, దారి తప్పితే కిందికి దిగి రైలు పట్టాల వెంట వెళ్తే ఏదో ఒక స్టేషన్ పేరు కనిపిస్తుంది. అలాంటి చోటు నుంచి బ్రిటన్‌కి వస్తే ఊళ్ళన్నీ బ్లాకౌట్‌లో చీకటిగా, రైలు పట్టాలు సాలెగూడులా, వాతావరణం గంటకోసారి మారుతూ! ఈ తేడా అలవాటు చేయడానికే అక్కడ ప్రత్యేకంగా అడ్వాన్స్‌డ్ ఫ్లయింగ్ యూనిట్లు పెట్టారు. అంటే సమస్య అధికారులకు తెలుసు. తెలిసి కూడా ఆ అలవాటు పడేలోగా కొంతమంది పోయారు.

ఎక్కడున్నామో తెలియకుండా ఎగరడం: ఒక లెక్క

అప్పటి శిక్షణ విమానాల్లో చాలావాటికి ప్రధాన ఆధారం డెడ్ రెకనింగ్. చాలా సింపుల్ ఆలోచన: ఏ దిక్కుకు, ఎంత వేగంతో, ఎంతసేపు ఎగిరామో తెలిస్తే ఎక్కడికి చేరామో కాగితం మీద గీయొచ్చు. చిక్కంతా గాలితోనే. విమానం గాలిలో ఈదుతుంది, ఆ గాలే కదులుతుంటుంది. పడవ నేరుగా అవతలి ఒడ్డు వైపే పోతున్నా ప్రవాహం దాన్ని పక్కకి లాక్కెళ్ళినట్టు.

ఉదాహరణకి, గంటకు 150 మైళ్ళ వేగంతో ఒక విమానం తీరానికి 20 మైళ్ళ దూరంలో, సముద్రం మీదుగా నేరుగా ఉత్తరానికి వెళ్తోందనుకుందాం. కుడిచేతి వైపు తీరం, తీరం వెనకే కొండలు. పడమటి గాలి గంటకు 20 మైళ్ళు ఉంటుందని బయల్దేరేముందు చెప్పారు. నావిగేటర్ దానికి తగ్గట్టు ముక్కు కాస్త ఎడమకి తిప్పించాడు. కానీ పైన అసలు గాలి 45 మైళ్ళు. మిగిలిన 25 మైళ్ళకి ఎవరూ లెక్క కట్టలేదు. గంట గడిచేసరికి విమానం 25 మైళ్ళు తూర్పుకి జరిగిపోయింది. కింద అంతా మబ్బు. కాగితం మీద సముద్రం ఉంది, కిటికీ కింద కొండలున్నాయి. ఇప్పుడు పైలట్‌కి సహజంగా తోచే పని ఏమిటి? సముద్రం మీద ఉన్నాం కదా, భయం లేదు, మబ్బు కిందికి దిగి తీరం చూసుకుందాం అని. చాలా ప్రమాదాల చివరి నిమిషాలు ఇవే. దారి తప్పామని తెలిసినవాడు పైకెక్కుతాడు, తప్పలేదనుకున్నవాడే కిందికి దిగుతాడు.

దిక్కులో తప్పు కూడా ఇంతే. ఒక్క డిగ్రీ తేడా వస్తే ప్రతి 60 మైళ్ళకి ఒక మైలు పక్కకి పోతాం. అయిదు డిగ్రీలు, 120 మైళ్ళు అయితే పది మైళ్ళు. అటు పది మైళ్ళయితే పొలాలు, ఇటు పది మైళ్ళయితే శిఖరం.

దారి సరిచూసుకునే మార్గాలు లేకపోలేదు. రాత్రిళ్ళు ఎయిర్‌ఫీల్డ్‌ల దగ్గర ఎర్రగా మినుకుతూ మోర్స్ అక్షరాలు చూపే దీపాలు ఉండేవి, వాటి పేరు పండిట్! అవును, మన పండితుడే అక్కడికి అలా చేరాడు. 'డార్కీ' అనే రేడియో పిలుపు ఉండేది, తప్పిపోయిన విమానం అరిస్తే దగ్గర్లోని స్టేషన్ పలికేది. కానీ ఆ రేడియో పదీ పదిహేను మైళ్ళకి మించి అందేది కాదు, మధ్యలో కొండ అడ్డమొస్తే అదీ లేదు. గీ అనే రేడియో నావిగేషన్ 1942 నుంచి వచ్చింది, సహజంగానే ముందు యుద్ధానికి వెళ్ళే బాంబర్లకి ఇచ్చారు.

ఆల్టిమీటర్ చెప్పేది నిజమే, కానీ పూర్తి నిజం కాదు

'ఎత్తు చూపించే మీటరు ఉంది కదా, కొండకంటే ఎత్తులో ఉంటే సరిపోయేది' అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. అసలు చిక్కు ఏమిటంటే ఆ మీటరు ఎత్తుని కొలవదు, గాలి పీడనాన్ని కొలిచి దాన్ని ఎత్తుగా మార్చి చూపిస్తుంది. పైగా అది చెప్పేది సముద్రమట్టం నుంచో, బయల్దేరిన ఎయిర్‌ఫీల్డ్ నుంచో ఉన్న ఎత్తు, కింద ఉన్న నేల నుంచి కాదు.

లెక్క చూడండి. బయల్దేరిన చోట సముద్రమట్టపు పీడనం 1012 మిల్లీబార్లు, మీటరుని దానికే సెట్ చేశారు. వెళ్ళేచోట అల్పపీడనం, 1000 మిల్లీబార్లు. ఒక్క మిల్లీబార్ తేడా అంటే సుమారు 28 అడుగులు. పన్నెండుకి దాదాపు 340 అడుగులు. మీటరు 3,500 చూపిస్తుంటే విమానం నిజానికి 3,160 అడుగుల్లో ఉంది. ఇప్పుడు చలి కలపండి. మీటరు ఒక ప్రామాణిక ఉష్ణోగ్రతను ఊహించుకుని తయారైంది. గాలి అంతకంటే చల్లగా ఉంటే ముద్దగా దగ్గరకి నొక్కుకుపోతుంది, ప్రతి 10 డిగ్రీలకి ఎత్తులో సుమారు 4 శాతం తేడా వస్తుంది. 15 డిగ్రీలు చల్లగా ఉంటే 6 శాతం, అంటే ఇంకో 190 అడుగులు పోయాయి. మిగిలింది 2,970. మ్యాప్‌లో శిఖరం ఎత్తు సరిగ్గా 3,000 అడుగులని రాసి ఉంది. పైలట్ దాని మీద 500 అడుగుల జాగా ఉంచుకున్నాననే నమ్మకంతో వెళ్తున్నాడు, ఎదురుగా ఉన్నది శిఖరానికి ముప్పై అడుగుల కింద రాయి.

ఈ లెక్కలో ఎవరూ మూర్ఖంగా ప్రవర్తించలేదు. కొత్త పీడనం ఎంతో రేడియోలో అడగొచ్చు కదా అంటే, అడగొచ్చు, కానీ యుద్ధకాలంలో వాతావరణ సమాచారం సైనిక రహస్యం. బ్రిటన్‌లో మామూలు జనానికి వాతావరణ సూచనలు ప్రసారం చేయడమే ఆపేశారు. విమానాలకి సమాచారం కోడ్‌లో వచ్చేది, అదీ రేడియో పనిచేస్తేనే.

కొండలు గాలిని ఏం చేస్తాయి

ఇప్పటిదాకా చెప్పినవి మామూలు గాలిలో జరిగే తప్పులు. కొండల దగ్గర గాలి మామూలుగా ఉండదు. బలమైన గాలి శిఖరాన్ని దాటి అవతలి వైపు జలపాతంలా కిందికి జారుతుంది, కొన్నిసార్లు మైళ్ళ దూరం అలలు అలలుగా లేస్తూ పడుతూ పోతుంది. ఆ అల దిగే వైపు చిక్కుకున్న విమానాన్ని గాలి నిమిషానికి 1,000 అడుగులు కిందికి తోయొచ్చు. బరువెక్కిన పాత శిక్షణ విమానం నిమిషానికి 700 అడుగులు ఎక్కగలదనుకుంటే, పైలట్ పూర్తి శక్తితో పైకెక్కుతూనే నిమిషానికి 300 అడుగులు కిందికి పోతుంటాడు. సియెరా నెవడా తూర్పు వైపు అలలు ఎంత బలమైనవంటే యుద్ధం అయ్యాక, 1950ల మొదట్లో, వాటిని అర్థం చేసుకోవడానికే గ్లైడర్లతో ఒక పెద్ద పరిశోధన నడిపారు. 1942లో పాఠం చెప్పేవాళ్ళకి ఇదంతా చాలావరకు తెలియని విషయమే.

మంచు ఇంకో శత్రువు. రెక్కల మీద పేరుకున్న మంచు బరువు కంటే అది రెక్క ఆకారాన్ని పాడుచేయడమే ఎక్కువ ప్రమాదం. ఇంజన్‌కి పెట్రోలునీ గాలినీ కలిపి పంపే కార్బ్యురేటర్‌లో అయితే పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని ఇరవై డిగ్రీలు దాకా చల్లబరుస్తుంది, అందుకే బయట 10 డిగ్రీలున్నా లోపల మంచు కట్టి ఇంజన్ గొంతు నొక్కేస్తుంది.

లోయలో ఇరుక్కుంటే? గంటకు 150 మైళ్ళ వేగంతో 30 డిగ్రీలు వాల్చి వెనక్కి తిరగాలంటే ఆ మలుపుకి అడ్డంగా దాదాపు 1.6 కిలోమీటర్ల జాగా కావాలి. లోయ వెడల్పు కిలోమీటరే అయితే, అంతే సంగతులు.

దిక్సూచి సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. స్కాట్లాండ్‌లోని స్కై దీవిలో కులిన్ కొండల రాళ్ళకి నిజంగానే అయస్కాంత గుణం ఉంది, నడిచి వెళ్ళేవాళ్ళ చేతిలో దిక్సూచి అక్కడ తికమక పడుతుంది. కానీ ఆ ప్రభావం రాయికి దగ్గరగా ఉన్నప్పుడే. వేల అడుగుల ఎత్తులో విమానాన్ని దారి తప్పించేంత శక్తి దానికి లేదు. విమానాన్ని పక్కకి లాగింది గాలి.

వెతకడానికి వెళ్ళినవాళ్ళు

1943 డిసెంబరు మొదటివారంలో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో దగ్గరున్న హేమర్ ఫీల్డ్ నుంచి ఒక బీ-24 బాంబర్ రాత్రిపూట నావిగేషన్ శిక్షణకి వెళ్ళి తిరిగి రాలేదు. మర్నాడు దాన్ని వెతకడానికి విమానాలు బయల్దేరాయి, వాటిలో ఒక బీ-24 కూడా మాయమైంది. కొండల మీద చెలరేగే గాలిలో ఇబ్బందుల్లో పడి, దిగడానికి మంచు కప్పిన మైదానంలా కనిపించిన చోటుని ఎంచుకుంటే, అది హంటింగ్టన్ లేక్ అనే జలాశయం. ఇద్దరు ముందే పారాచూట్‌తో దూకి బతికారు. 1955లో ఆనకట్ట పనుల కోసం నీళ్ళు తోడినప్పుడు విమానం అడుగున కనిపించింది, మిగిలినవాళ్ళు అందులోనే ఉన్నారు.

మరి మొదటి విమానం? దాని కో-పైలట్ తండ్రి ప్రతి వేసవికీ ఆ కొండల్లోకి వెళ్ళి కొడుకు కోసం 14 ఏళ్ళు వెతికాడు. 1959లో ఆయన పోయాడు. మరుసటి ఏడాది, 1960లో, ఎత్తైన చోట పేరు లేని ఒక చిన్న సరస్సులో శిథిలాలు దొరికాయి. ఆ సరస్సుకి ఇప్పుడు ఆ కుటుంబం పేరే, హెస్టర్ లేక్. ఈ ఒక్క ఉదంతం గురించి నేను ఎన్నిసార్లు చదివినా ఆ ఒక్క ఏడాది తేడా దగ్గర ఆగిపోతాను.

బ్రిటన్‌లో మొదట్లో కొండల్లో విమానం కూలితే వెతకడానికి వెళ్ళింది దగ్గరి స్థావరంలోని డాక్టరు, అంబులెన్స్ డ్రైవరు, వంటవాళ్ళు, గుమాస్తాలు, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. కొండలెక్కే బూట్లు కూడా ఉండేవి కావు. వేల్స్‌లోని లాండ్రోగ్ స్థావరంలో జార్జ్ గ్రహం అనే వైద్యాధికారి, కొండలెక్కడం అలవాటున్న మనిషి, ఇది ఇలా కుదరదని పట్టుబట్టి ఒక బృందాన్ని తయారుచేశాడు. జీపులు, రేడియోలు, మంచి స్ట్రెచర్లు సంపాదించాడు. 1943లో అలాంటి బృందాలకి అధికారిక గుర్తింపు వచ్చి ఆర్ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) మౌంటెన్ రెస్క్యూ సర్వీస్ మొదలైంది. ఈరోజు అక్కడి కొండల్లో తప్పిపోయిన మామూలు మనుషుల కోసం కూడా వాళ్ళు వెళ్తారు.

తప్పు ఎవరిదనే గొడవ

ఆర్ఏఎఫ్‌లో ప్రతి ప్రమాదానికీ ఫారం 1180 అనే ఒక కార్డు రాసేవాళ్ళు. కొండల ప్రమాదాల కార్డుల్లో తరచూ కనిపించే మాటల సారాంశం ఒకటే: పైలట్ తానెక్కడున్నాడో నిర్ధారించుకోకుండా మబ్బులోంచి దిగాడు. దీన్ని సమర్థించేవాళ్ళ వాదనని తీసిపారేయలేం. మబ్బులో ఉన్నప్పుడు దారిలోని అత్యంత ఎత్తైన కొండ కంటే పైన సురక్షితమైన ఎత్తు పాటించాలనే నియమం అప్పటికే ఉంది. దాన్ని పాటించిన విమానాలు వేలకొద్దీ క్షేమంగా తిరిగొచ్చాయి. కొన్ని ప్రమాదాల్లో కుర్రతనం కూడా ఉంది, స్నేహితుల ఊరి మీద తక్కువ ఎత్తులో ఎగిరి చూపించాలనే సరదా లాంటివి. శవాన్ని అవమానించినట్టవుతుందని తప్పుని తప్పనకుండా ఉంటే తర్వాతి బ్యాచ్ ఏం నేర్చుకుంటుంది అని వాళ్ళు అడుగుతారు.

అవతలి వాదన ఏమిటంటే, కార్డులో రాసింది చివరి తప్పు మాత్రమే. ఆ కుర్రాడిని ఆ మబ్బులోకి పంపినవాళ్ళ నిర్ణయాలు ఏ కార్డులోనూ ఉండవు. యుద్ధానికి పంపేముందు చివరి శిక్షణ ఇచ్చే ఆపరేషనల్ ట్రైనింగ్ యూనిట్లలో వాడిన విట్లీ, వెల్లింగ్టన్ బాంబర్లు చాలావరకు యుద్ధంలో అరిగిపోయి వెనక్కొచ్చినవి. బోధించేవాళ్ళలో ఎక్కువమంది యుద్ధంలో తమ వంతు ముగించుకుని 'విశ్రాంతి' పేరుతో వచ్చినవాళ్ళు, పోరాడటం వచ్చు గానీ పాఠం చెప్పడం అందరికీ రాదు. పైలట్ నేర్చుకుంటున్నాడు, నావిగేటర్ నేర్చుకుంటున్నాడు, వైర్‌లెస్ ఆపరేటర్ కూడా నేర్చుకుంటున్నాడు. మామూలుగా ఒకరి తప్పుని ఇంకొకరు పట్టుకుంటారు, ముగ్గురూ కొత్తవాళ్ళే అయితే పట్టుకునేదెవరు? చచ్చిపోయినవాడు తన తరఫున మాట్లాడలేడు కాబట్టి 'పైలట్ పొరపాటు' అని రాయడం అధికారులకి సులువు కూడా.

మూడో వాదన అన్నిటికంటే కఠినమైనది. యుద్ధంలో తొందరపడకపోతే ఇంకా ఎక్కువమంది పోతారు అని. శిక్షణని తగ్గించినా ప్రాణాలు పోతాయి, పెంచినా పోతాయి. జర్మనీ సంగతే చూపిస్తారు: 1944 నాటికి పెట్రోలు, సమయం రెండూ లేక వాళ్ళు కొత్త పైలట్ల శిక్షణ గంటల్ని బాగా కోసేశారు, ఆ కుర్రాళ్ళు మొదటి కొద్ది యుద్ధాల్లోనే కుప్పకూలారు. ఎండ ఉన్నరోజే నేర్పితే ప్రమాదాలు తగ్గేవి, కానీ జర్మనీ మీద మబ్బులు ఆగవు కదా.

నా మటుకు నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే పద్ధతి మారగానే ప్రమాదాల రేటు తగ్గింది. అమెరికాలో అప్పటిదాకా కళ్ళకి ఏమీ కనబడనప్పుడు ఎలా ఎగరాలో చాలా తక్కువగా, పాత పద్ధతిలో నేర్పేవాళ్ళు. జోసెఫ్ డక్‌వర్త్ అనే కల్నల్ అన్ని మీటర్లనీ కలిపి చదివే కొత్త పద్ధతి తయారుచేశాడు, టెక్సస్‌లోని బ్రయన్‌లో బోధకులకే బోధించే స్కూలు 1943లో మొదలైంది. (ఇదే మనిషి ఆ ఏడాది జులైలో ఒక శిక్షణ విమానం తీసుకుని నేరుగా హరికేన్ మధ్యలోకి వెళ్ళొచ్చాడు, కావాలని అలా వెళ్ళినవాళ్ళలో మొదటివాడు.) విమాన భద్రతకి ప్రత్యేక కార్యాలయం పెట్టి ప్రమాదాల లెక్కల్ని పద్ధతిగా చూశారు. విమానాల సంఖ్య పెరుగుతున్నా ఎగిరిన గంటలకి ప్రమాదాల రేటు 1942 నుంచి దిగుతూ వచ్చింది. మనుషులు వాళ్ళే, వయసూ అదే. అలాగని సురక్షితమైన ఎత్తు నియమాన్ని పక్కనపెట్టిన పైలట్ బాధ్యత చెరిగిపోదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు, కార్డులో మాత్రం ఒక్క గడే ఉంది.

విమానం బాగానే ఉండి, పైలట్ అదుపులోనే ఉండి నేలని గుద్దుకోవడానికి తర్వాత 'కంట్రోల్డ్ ఫ్లైట్ ఇన్‌టు టెరైన్' అని పేరొచ్చింది. 1970లలో నేల దగ్గరవుతుంటే అరిచి హెచ్చరించే పరికరం ప్రయాణికుల విమానాల్లోకి వచ్చింది. అది సూటిగా కిందికే చూసేది కాబట్టి ఎదురుగా నిటారుగా లేచే కొండని చెప్పడానికి ఆలస్యమయ్యేది. 1990లలో ప్రపంచపు కొండల మ్యాపంతా పరికరంలోనే పెట్టాకే ఆ లోటు తీరింది.

శిథిలాలు ఇంకా అక్కడే ఎందుకున్నాయి

చదును నేల మీద కూలిన విమానాన్ని ఒకటి రెండు రోజుల్లో లారీలో ఎత్తుకుపోయేవాళ్ళు, అల్యూమినియం కరిగించి మళ్ళీ వాడేవాళ్ళు. రైతు మళ్ళీ దున్నేసేవాడు. కొండ మీద అది కుదరదు. ఆయుధాలు, రహస్య పరికరాలు తీసేసి, పైనుంచి మళ్ళీ కనబడి ఇంకో గాలింపు మొదలవకుండా మిగిలినదాన్ని పగలగొట్టో లోయలోకి తోసో వచ్చేసేవాళ్ళు. అందుకే ఇవాళ మనకి కనిపించేవన్నీ కొండల్లోవే, యుద్ధకాలపు ప్రమాదాలంటే కొండలే అనే భ్రమ కూడా అందుకే. ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో, బ్లీక్‌లో అనే పీఠభూమి మీద, 1945 మే 18న కూలిన కెనడా స్క్వాడ్రన్ లాంకాస్టర్ బాంబర్ ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. అదీ శిక్షణ ప్రయాణమే. ఆరుగురు పోయారు. అప్పటికి ఐరోపాలో యుద్ధం ముగిసి పది రోజులయింది.

బ్రిటన్‌లో 1986 నాటి చట్టం ప్రకారం కూలిన సైనిక విమానాలన్నీ రక్షిత స్థలాలు, రక్షణ శాఖ లైసెన్సు లేకుండా తవ్వకూడదు, ముక్క కూడా తీసుకెళ్ళకూడదు. కొన్ని చోట్ల అవి సమాధులు కూడా. 1941 ఏప్రిల్ 13న స్కాట్లాండ్‌లోని కిన్‌లాస్ నుంచి ఆరుగురితో ఒక ఆన్సన్ విమానం నావిగేషన్ శిక్షణకి బయల్దేరింది. చివరి సందేశాల్లో మంచు పేరుకుంటోందనే మాట ఉంది. ఆరు వారాల తర్వాత, మే 25న, బెన్ మోర్ అసింట్ అనే కొండ మీద దొరికింది. కిందికి మోసుకురావడం సాధ్యం కాని చోటు కావడంతో ఆరుగురినీ విమానం పక్కనే పాతిపెట్టి రాళ్ళు పేర్చారు. ఏళ్ళ తరబడి వానకీ మంచుకీ ఆ రాళ్ళు చెదిరిపోతూ వచ్చాయి. 2013లో కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ పేర్లు చెక్కిన గ్రానైట్ రాయిని అక్కడికి పంపింది. దాన్ని కూడా ఎవరూ మోసుకెళ్ళలేకపోయారు, గాలి అనుకూలించాక హెలికాప్టర్‌తో దించాల్సి వచ్చింది.